ఓడతో మునిగినవాళ్ళ రాయి

“మన తమ్ముడి పేరు కిందా, ఆ పల్లెవాడి పేరు పైనా? నీకేమన్నా మతి పోయిందటే?” అన్నాడు మా అన్నయ్య.

“ఓడలో అతనే పైవాడు. నీకు తోచినట్టు వరస మార్చడానికి అది మనింటి పెళ్ళిపందిరి కాదన్నయ్యా” అన్నాను నేను.

“పైవాడో కిందవాడో ఎవడు చూడొచ్చాడే? చెక్కడం అయిపోయింది. అంతగా కావాలంటే కింద మూలన వాడి పేరు ఓ వరసలో కొట్టిస్తాలే.”

“ఆ మూలన నీ పేరు కొట్టించుకో. కమిటీ ప్రెసిడెంటువి కదా.”

“నోరు తగ్గించు. మేస్త్రీ వింటున్నాడు.”

“విననీ. రేపు కొట్టాల్సింది అతనేగా.”

మేస్త్రీ తల వంచుకుని ఉలికి పదును పెట్టుకుంటున్నాడు. రాయి మా అన్నయ్య వాకిట్లో, ఎండబోసిన మిరపకాయల పక్కన, గోనెసంచుల మీద పడుకోబెట్టి ఉంది. చీమకుర్తి నల్లరాయి. నున్నగా మెరిసే ముఖం మీద మా తమ్ముడి పేరు జానెడేసి అక్షరాలతో ఉంది. దాని కింద ‘మరియు ఓడ సిబ్బంది’ అని చిన్నగా.

ముప్పై ఏళ్ళ కిందటి యుద్ధంలో తమ్ముడు పనిచేసే నేవీ ఓడ సముద్రంలో మునిగింది. అందులో మా ఊరివాళ్ళు ఇద్దరు. ఒకడు మా తమ్ముడు. రెండో అతను ఊరి చివర మాలపల్లెలోని క్రైస్తవుల అబ్బాయి, మావాడికంటే ఐదేళ్ళు పెద్ద. ఇద్దరి శవాలూ రాలేదు. ఇన్నాళ్ళకి, సరిహద్దులో మళ్ళీ యుద్ధం జరిగి ఊరూరా సైనికుల బొమ్మలు లేస్తుంటే, మా అన్నయ్యకి తమ్ముడు గుర్తొచ్చాడు. తమ్ముడి పేరున రాయి నిలబెట్టాలని కమిటీ వేశాడు. పర్చూరు రోడ్డు మీద నాన్న నాకు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన జాగా ఉంది. గజం కూడా ఎవరికీ వదలని నేను ఈ రాయి కోసం అడగ్గానే ఇస్తానన్నాను.

మూడో తరగతితో నా బడి అయిపోయింది. కూడబలుక్కుని చదువుతాను. తమ్ముడు ఓడ నుంచి రాసిన ఉత్తరాలన్నీ అలాగే చదివాను. ఒకదాంట్లో ఇలా ఉంది: “అక్కా, నాకు సరిగ్గా ఈత రాదని ఇక్కడ నవ్వారు. మనూరి అన్నే నడుముకి తాడు కట్టి నేర్పాడు. ఇంజను గదిలో నాకు పైవాడు ఆయనే. జ్వరమొస్తే నా పని కూడా ఆయనే చేశాడు.” ఊళ్ళో ఉండగా మావాడు అతన్ని ‘ఒరేయ్’ అని పిలిచేవాడు. ఉత్తరంలో ‘ఆయన’ అని రాశాడు.

ఇది చదివి కూడా నేనేం చేశానో చెప్పాలి. రెండిళ్ళకీ టెలిగ్రాం ఒకే రోజు వచ్చింది. ఆ అబ్బాయి తల్లి ఏడుస్తూ మా గేటు దాకా వచ్చింది, మాకు ఇంకేమైనా తెలిసిందేమోనని. లోపలికి రమ్మనలేదు. నేను వాళ్ళింటికి పోలేదు. తర్వాత ఇరవై ఏళ్ళు ఆమె మా చేలో మిరపకాయలు కోసింది. తొడిమలు ఊడదీస్తోందని కసిరాను, ముచ్చట్లాడుతోందని కసిరాను. కొడుకు ఊసు మాత్రం నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఆమె ఇంకా ఉంది, ముసలిదైపోయింది. ఆమె ఉండగానే ఆ పేరు దాని చోట అది ఉండాలి. అదీ నా పట్టు.

“అయితే ఈ రాయి పారేసి కొత్తది కొనమంటావా?” అన్నాడు అన్నయ్య. దుబారా నాకు గిట్టదని తెలుసు కనక అక్కడ పట్టుకున్నాడు.

“కొత్తదెందుకు? తిరగెయ్యి. వెనకవైపు ఖాళీగానే ఉందిగా.”

“వెనకంతా గరుకే!”

“అక్షరం పడుతుందా నాయనా?” అని మేస్త్రీని అడిగాను.

“కాస్త నునుపు చేస్తే పడుద్దమ్మా” అన్నాడు అతను, తల ఎత్తకుండానే.

“ఊళ్ళో నన్ను తలెత్తుకు తిరగనివ్వవా? మనవాళ్ళేమంటారే?”

“ఏమన్నా అననీ. రాయి నీది, జాగా నాది. ఆ వరసలో లేని రాయి నా జాగాలో దిగదు. నీ వాకిట్లోనే ఉంచుకో, దాని మీద మిరపకాయలు ఎండబోసుకోవచ్చు.”

అన్నయ్య కండువా దులిపి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. వదిన మజ్జిగ తెచ్చింది. తాగకుండానే వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న ఏడింటికి వెళ్ళాను. గేటు తీసే ఉంది. అన్నయ్య బయటికి రాలేదు, వద్దని కబురూ పంపలేదు. నలుగురు మనుషులు గడ్డపారలు వేసి రాయి తిరగేశారు. మేస్త్రీ గరుకు తీసి, సుద్దముక్కతో పైన ‘ఓడతో మునిగినవారందరికీ’ అని రాశాడు. దాని కింద ఆ అబ్బాయి పేరు, ఆ కింద మా తమ్ముడి పేరు, రెండూ ఒకే కొలతలో. నేను వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను. సరిగ్గానే ఉన్నాయన్నాను. అతను ఉలి పెట్టి మొదటి పేరు కొట్టడం మొదలుపెట్టాడు.