బొగ్గులో దొరికిన ఆకు

వాన జల్లు కిటికీలోంచి లోపలికి కొట్టినప్పుడల్లా అక్కడున్న నల్లరాయి తడిసి, డ్యూటీ దిగి వచ్చిన మా బాపు చొక్కా వాసన వస్తుంది. అరచేతిలో పట్టే ఆ రాతి మీద ఒక ఆకు అచ్చు ఉంది. మేక నాలుకంత ఆకు, నడుమ ఈనె, దానికి అటూ ఇటూ వలలా అల్లుకున్న సన్నని గీతలు.

గోదావరిఖనిలో బొగ్గు బావులు ఒకటొకటిగా తెరుస్తున్న రోజుల్లో, గని కప్పు నుంచి ఊడిపడిందని బాపు దాన్ని తెచ్చాడు. మాకు బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ. అవ్వ మోదుగాకు విస్తర్లు కుట్టేది. ఆమెకు తెలియని ఆకు అడవిలో లేదని కాలనీలో పేరు.

"అడవంత నాదే అంటవు గద, గిది ఏం ఆకో చెప్పు" అన్నాడు బాపు.

అవ్వ తిప్పి తిప్పి చూసింది, వాసన చూసింది, గోటితో గీకింది. "తెచ్చేటోనివి జర పచ్చిది తేరాదు?" అంది.

బాపు నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. రెండేళ్లుగా దవాఖాన మందులకు తగ్గని దగ్గు. అది ఆగేదాకా అవ్వ ఆ రాయినే చూస్తూ కూచుంది. తేలు తిరిగే చోటే తేలుమందు మొలుస్తుందని మావాళ్ల నమ్మకం. బొగ్గు దుమ్ముకు విరుగుడు బొగ్గును అంటుకుని పెరిగిన ఈ ఆకేనని ఆమె తేల్చేసింది.

ఆ ఎండాకాలమంతా, ఇప్పపూల వాసన కమ్మిన పొద్దుటి పూట, జొన్నరొట్టె, ఉల్లికారం మూటగట్టుకుని, రాయిని కొంగున కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని అవ్వ అడవి పట్టేది. విస్తరాకు కోస్తూనే తెలియని ప్రతి మొక్క దగ్గరా ఆగి ఆకును రాతి పక్కన పెట్టేది. "ఈనె కలువలే, పా బిడ్డా" అనేది. నేను తునికిపండ్లతో ఒడి నింపుకునేదాన్ని. మద్దిచెట్టు మీద గుంపుగా కూచున్న రాబందులను చూస్తే మాత్రం అవ్వకు మంట. ఇంట్లో దగ్గే మనిషి ఉంటే వాటి మొహం చూడొద్దట. "మీ పీడ ఎప్పుడు పోతదో" అని రాళ్లు విసిరేది. నేనూ విసిరాను.

వానలు పడుతుండగా బొగ్గు కోసం నేలను సర్వే చేసే సారొకాయన, తన ఇంట్లో శుభకార్యానికి విస్తర్లు అడగడానికి వచ్చాడు. కోస్తా వైపు మనిషి. అవ్వ రాయి చూపించింది.

"ఈ చెట్టు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదమ్మా. మనుషులు పుట్టకముందే దీని జాతి అంతరించింది."

"గంత అడవిని ఎవ్వలు కొట్టిన్రు సారూ?"

"ఎవరూ కొట్టలేదు. ఎండలు మారాయి, గాలి మారింది. అప్పుడు జీవాల్లో చాలావరకు పోయాయి."

"గింజ గిట్ల ఏడన్న పడి ఉండదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. అవ్వ విస్తర్లు కట్టగట్టి ఇచ్చి పంపింది. బాపు షిఫ్టు నుంచి రాగానే చాయ చేతికిచ్చి, "మందు చచ్చిపోయిందట. దగ్గు బతికున్నది" అంది. బాపు నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు. ఆ దగ్గుతోనే పదవీ విరమణ దాకా బండి లాగాడు. సారు మాట అవ్వ చివరిదాకా నమ్మలేదు.

నేను యాభై దాటాక మనుమరాలి పుస్తకాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చాను. జీవాలు తుడిచిపెట్టుకుపోవడం ఒక్కసారి కాదు, అయిదుసార్లు జరిగిందని వాటిలోనే చదివాను. మేం తిరిగిన అడవి, నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గని గుంతలో పోయింది. రాబందులను చూసి ఏళ్లయింది. పీడ పొమ్మన్నాం, పోయాయి. వాటి కోసం ఎవరూ ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఇప్పుడు ఒక్కటి కనబడితే చాలనిపిస్తుంది.

మొన్న ఆ గుంతలోంచి తోడిపోసిన మట్టిదిబ్బ మీద ఎరగని మొక్కొకటి కనిపించింది. చదువుకున్నదాన్ని, ఆ చెట్టు లేదని తెలిసినదాన్ని. అయినా ఆకు తెంపి కొంగున కట్టుకుని ఇంటికొచ్చి రాతి పక్కన పెట్టాను.

ఈనె కలవలేదు.