రెండు తలల పక్షి స్టాంపు

నాకు రాయడం రాదు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషిని, ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. పెండ్లిపత్రికల మీద పేర్లు తప్ప ఇంతవరకు ఏమీ రాసింది లేదు. అక్షరం తప్పిన చోట నవ్వుకోండి గానీ మధ్యలో వదిలేయకండి.

పోయిన నెల జమ్మలమడుగులో మా పెదమామ ఇంటికి సున్నం కొట్టిస్తూ సామాన్లన్నీ బయట పెట్టారు. పెదమామ అంటే మా అమ్మకు సొంత అన్న, పోయి చాలా ఏళ్లయింది. ఆయన కోడలు ఫోన్ చేసి, "ట్రంకుపెట్టెలో మీయమ్మ ఏలిముద్ర కాగితం ఉందక్కా, పారేద్దునా, వచ్చి తీసకపోతావా?" అని అడిగింది. ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి పోయాను. ఆ కాగితాన్ని వేళ్లతో తాకడానికి కూడా రోత పుట్టి, పాలకవర్లో వేసి తెచ్చుకున్నాను.

అంత రోత ఎందుకో చెప్తాను. మా తాత, అంటే అమ్మ వాళ్ల నాన్న, పోతూ పోతూ మైలవరం దారిలో రెండెకరాల చేను అమ్మకే చెందాలని చెప్పిపోయాడంట. సాగు మాత్రం మామదే. మా నాన్న పోయాక, నాకు పదేళ్లప్పుడు, అమ్మ ఆ చేను అడగడానికి నన్ను వెంటపెట్టుకుని పులివెందుల నుంచి జమ్మలమడుగు వచ్చింది. చేను చేతికొస్తే ఆరో తరగతిలో చేర్పిస్తానని బస్సులో నాకు మాటిచ్చింది. మామ అరుగు మీదే పంచాయితీ. ఆ మామ నోట్లో ఎప్పుడు చూసినా ఆకువక్క ఉండేది. మాట్లాడితే ఎర్రటి తుంపర్లు ఎదుటివాళ్ల మీద పడేవి, ముద్దు చేస్తే మా చెంపలు తుడుచుకోవాల్సి వచ్చేది. వేరుశనగ వ్యాపారానికి బెంగళూరు పోయి వచ్చినప్పుడల్లా మిఠాయి తెచ్చేవాడు. పొట్లం కాగితం విప్పడానికి బొటనవేలు నాలుక మీద రాసుకుని, ఆ వేలితోనే ముక్కలు తుంచి మా నోట్లో పెట్టేవాడు. నేను పెరట్లోకి పోయి ఉమ్మేసేదాన్ని. మిఠాయి మీద ఆశ ఉన్నా ఆ ఎంగిలి తడి మింగుడు పడేది కాదు.

ఆ రోజు కూడా వేలు నాకి మడత విప్పి, ఒక కాగితం పెద్దమనుషుల ముందు పరిచాడు. తెల్లదొరల కాలంలో, పెండ్లికి ముందే, "నా భాగం నాకు ముట్టింది, చేనుతో నాకు పని లేదు" అని అమ్మ రాసిచ్చినట్టు ఉంది. కింద ఒక పాత రెవెన్యూ స్టాంపు, దాని మీద నల్లటి వేలిముద్ర.

"నేను ఎయ్యలేదన్నా," అంది అమ్మ.

"ఎయ్యకుండానే వచ్చి కూచునిందా మే, ఏలిముద్ర?" అన్నాడు మామ. అరుగంతా నవ్వింది.

అక్కడున్న వాళ్లెవరూ అలాంటి స్టాంపు చూడలేదు. చేతులు మారి మారి చివరికి పంచాయితీకి వచ్చిన గుడి పూజారి దగ్గరికి పోయింది. ఆయన కండ్లద్దాలు తుడుచుకుని చూసి, రెక్కలు విప్పిన పక్షి ఉంది కాబట్టి గరుత్మంతుడని తేల్చాడు. "తలకాయలు రెండుండాయి కద స్వామీ?" అని ఎవరో అడిగితే, "ఒగటి సర్కారును చూస్తాది, ఒగటి సాక్షిని చూస్తాది లేప్పా," అన్నాడు. ఇంకేముంది, అందరూ దానికి దండం పెట్టుకున్నారు. దేవుడి బొమ్మ మీద వేలు పెట్టి ఇప్పుడు కాదంటుందే అని అమ్మను చీదరించుకున్నారు. మామ అరుగు దిగి, అమ్మ కాళ్ల పక్కనే తుపుక్కున ఉమ్మాడు. అమ్మ చీర అంచు ఎర్రబడింది.

తిరుగు బస్సులో నేను అమ్మకు దూరంగా జరిగి కూర్చున్నాను. "ఎందుకేసినావమ్మా?" అని అడిగాను. "నేను ఎయ్యలేదు పాపా," అంది. నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. బడికి పంపలేక అబద్ధమాడుతోంది అనుకున్నాను. మరుసటి వారం నుంచి ఇద్దరం కలుపు కూలికి పోయాం. ఆ మాట అమ్మ మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

మా పక్కింటి సారు రిటైరైన టీచరు, స్టాంపులు పోగుచేస్తాడు. పాలకవరు ఆయన ముందు పెట్టాను. భూతద్దంతో చాలాసేపు చూసి, "ఇది మనది కాదమ్మా, మైసూరు రాజులది," అన్నాడు. అది గరుత్మంతుడు కాదు, గండభేరుండం. ఏనుగులను కూడా ఎత్తుకుపోయేంత బలమున్న పక్షి అని కథల్లో ఉందట, రాజులు తమ బలానికి గుర్తుగా పెట్టుకున్నారట. ఏనుగుల సంగతేమో గానీ మా అమ్మ రెండెకరాలను మాత్రం ఆ పక్షి ఎత్తుకుపోయింది. మైసూరు అన్న అక్షరాలు వేలిముద్ర నలుపు కింద దాక్కుని ఉన్నాయి. "తెల్లదొరలప్పుడు మనం మద్రాసు కింద ఉంటిమి. మన పక్క స్టాంపు మీద రాజు తలకాయ ఉంటాది. జమ్మలమడుగులో రాసిన కాగితం మీద మైసూరు స్టాంపేంది?" అన్నాడు సారు. తర్వాత స్టాంపు అంచు చూపించాడు. దాని మీద ఎవరిదో పాత సంతకం సగం ఉంది. ఆ గీత స్టాంపు అంచు దాకా వచ్చి తెగిపోయింది, కాగితం మీదికి దిగలేదు. వేరే కాగితం మీద నుంచి ఊడదీసి దీనికి అంటించి, పైన ఎవరిదో వేలు ఒత్తారన్నమాట. అంచు చుట్టూ ఎర్రటి మరక కూడా ఉంది. అదేందని నేను సారును అడగలేదు. బెంగళూరు మిఠాయి, దాన్ని తుంచిన ఆకువక్క ఎంగిలి వేలు గుర్తొచ్చాయి. పోయి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను.

కడుక్కుంటుంటే తెలిసింది, ఆ రోత మామ మీద మాత్రమే కాదని. ఆ పెద్దమనుషులు పరాయివాళ్లు. బస్సులో దూరం జరిగింది నేను. అమ్మ మాట నిజమని తేలడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ రోజు నమ్మడానికైతే ఒక్క నిమిషం సరిపోయేది.

రాతలో తప్పులుంటే మీరు పెద్ద మనసుతో మన్నించండి. మిమ్మల్నైతే అడగగలను, అమ్మను అడిగే కాలం దాటిపోయింది.