నేను ఉదయింపజేసిన చంద్రుడు

చంద్రుడు ఎప్పుడు రావాలో నిర్ణయించే అధికారం మనుషుల చేతుల్లో లేదని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ బీదర్ పాత ఊళ్ళో ఒక సంకష్టి రోజున, నా చేతుల మీదుగా, చంద్రుడు ముందే వచ్చేశాడు. వచ్చాడని నమ్మి మా ఇంట్లోనే కాదు, అక్కడ బసవకళ్యాణ్ దాకా ఆడవాళ్ళు ఉపవాసాలు విడిచారు. ఆ తరువాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయినా చెబుతాను. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి. నన్ను చూసి నవ్వడంలో మాణిక్యమ్మ పెద్దమ్మను మించినవాళ్ళు ఎలాగూ పుట్టలేదు.

అప్పటికి నాకు పాతికేళ్ళు కూడా నిండలేదు. మాది జగిత్యాల. ఉద్యోగం బీదర్‌లో వచ్చింది. చౌబారా దగ్గరి గల్లీలో కిష్టయ్య సేటు ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. సేటుకు గంజు బజారులో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. ఆయన తాతల నాడే ఇటు వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, దుకాణంలో కన్నడం, బేరం తెగకపోతే ఉర్దూ. ఆయన భార్యే మాణిక్యమ్మ. నేను పెట్టె దించిన వారానికే ఆమె నాకు పెద్దమ్మ అయిపోయింది. నా గదిలో స్టవ్వు ఉండేది గానీ దాన్ని వెలిగించే అవకాశం నాకెప్పుడూ రాలేదు. "ఒక్కనికి ఏం వండుకుంటవ్ బిడ్డా, కిందికి రా" అని మెట్ల దగ్గర నిలబడి పిలిచేది. పైకి మాత్రం వచ్చేది కాదు. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఆ మెట్లు ఎక్కి చాలా ఏళ్ళయింది.

ఆ రోజుల్లోనే నేను కొత్త ఫోన్ కొన్నాను. దాని జూమ్ గురించి నేను చెప్పని మనిషి బీదర్‌లో మిగల్లేదు. కోట బురుజు మీద వాలిన పావురాన్ని మేడ మీంచి ఫొటో తీసి, దాని కంట్లోని ఎరుపు కూడా చూపించేవాణ్ణి. సేటు తీరిగ్గా చూసి, "మంచిగున్నది. మరి పావురం ఏమన్నది?" అని అడిగేవాడు. నాకు కోపం వచ్చేది. ఈ ఫోన్ గొప్పతనం ఈ ఇంట్లో వాళ్ళకు తెలిసొచ్చే రోజు ఒకటి రాకపోతుందా అనుకునేవాణ్ణి. వచ్చింది.

పెద్దమ్మ ప్రతి నెలా సంకష్టి ఉండేది. పున్నమి వెళ్ళిన తరువాత వచ్చే చవితినాడు పొద్దంతా ఉపవాసం ఉండి, రాత్రి చంద్రుణ్ణి చూసి, గణపతికి నైవేద్యం పెట్టి అప్పుడు తినాలి. మామూలుగా వాకిట్లో నిలబడి తనే చూసేది. మబ్బు పడితే ఇంటి మనిషి ఎవరైనా ఎక్కడి నుంచైనా కళ్ళారా చూసి చెబితే ఒప్పుకునేది. క్యాలెండర్‌లో చంద్రోదయం టైము అచ్చేసి ఉంటుంది కదా అంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

"క్యాలెండర్ అచ్చేసింది పోయినేడు. ఇయ్యాల మబ్బు పడ్తదని వానికి ఎవలు చెప్పిండ్రు?"

ఆ శ్రావణంలో సంకష్టి మంగళవారం వచ్చింది. అలా వస్తే ఇంకా విశేషమట. పొద్దుటి నుంచీ ముసురు. చీకటి పడ్డాక వాన ఆగింది గానీ ఆకాశం నిండా మబ్బు దుప్పటి కప్పుకున్నట్టుంది. క్యాలెండర్ టైము దాటిపోయింది. వంటింట్లో కుడుముల వాసన. పెద్దమ్మ దేవుడి గదిలో గరిక సర్దుతూ కూర్చుంది. సేటు పీట వేసుకుని ఖాళీ కంచం ముందు కూర్చున్నాడు. ఆయన ఉపవాసం ఉండడు. కానీ పెద్దమ్మ తినే దాకా రాత్రి పొయ్యి మీది గిన్నె దిగదు కాబట్టి నెలకొకసారి ఆయనకూ పుణ్యం తప్పేది కాదు.

"శ్రీధరా, పైకి పోయి చూడరాదు బిడ్డా" అన్నాడు సేటు, ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ మనిషి గొంతుతో. "నీ ఫోన్ల పావురం కన్ను కనబడ్తది గదా. అంత పెద్ద చంద్రుడు కనబడడా?"

నన్ను ఆపేదెవరు! మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. పైన సన్నటి తుంపర. కళ్ళద్దాలు మసకబారాయి. తూర్పు వైపు, వేపచెట్టు కొమ్మల వెనక, పాలు ఒలికినట్టు ఏదో తెల్లటి వెలుగు. ఫోన్ ఎత్తి జూమ్ చేశాను. చేసిన క్షణంలో తెర మూల ఒక చిన్న చందమామ బొమ్మ వెలిగింది. అంటే నాకంటే ముందు ఫోనే గుర్తుపట్టింది! నొక్కాను. తీసిన ఫొటో రెండు క్షణాలు మసకగా ఉండి, ఆ తరువాత దానంతటదే తేటపడింది. ఏం చెప్పమంటారు! మచ్చలు, గుంటలు, ఒక పక్క కొంచెం కొరికినట్టు చవితినాటి తరుగు, అన్నీ ఉన్నాయి. చంద్రుడి అమ్మ కూడా ఆయన్ని అంత దగ్గరగా చూసి ఉండదు.

"వచ్చిండు పెద్దమ్మా, వచ్చిండు!" అని అరుస్తూ దిగాను.

పెద్దమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది. "అయ్యో, కుందేలు సుత కనబడుతున్నదయ్యా!" అని భర్తను పిలిచింది. సేటు పీట మీంచి లేవకుండానే, "కుందేలున్నదంటే చంద్రుడే. ఇగ వడ్డించు" అన్నాడు.

అంతటితో అయితే సరే. ఆమె నా ఫోన్‌ను పీట మీద పెట్టి, పసుపు కుంకుమ బొట్టు పెట్టి, అక్షతలు వేసి, పాలు కలిపిన నీళ్ళు చెంచాతో ఎత్తింది.

"పెద్దమ్మా, పెద్దమ్మా! తడుస్తది!"

"నీళ్ళల్ల పడ్డా ఏం కాదని నువ్వే గద చెప్పినవ్" అన్నాడు సేటు. ఆయన ఒక్క మాటా మరిచిపోడు. నా ఫోన్ మీద మూడు చెంచాల అర్ఘ్యం పడింది.

పెద్దమ్మ చెల్లెలు శకుంతలమ్మది బసవకళ్యాణ్. ఆమె ఫోన్ చేసి, "అక్కా, ఈడ మొత్తం మబ్బే. అక్కడ కనబడ్డడా?" అని అడిగింది. ఇక చూడండి పెద్దమ్మ గొంతు! "కనబడుడేంది, మా శ్రీధర్ ఇంట్లకే తీసుకొచ్చిండు. ఉండు, పంపిస్తడు." నేను ఆ ఫొటోను వాళ్ళ చుట్టాల గ్రూపులో పెట్టాను. క్షణాల్లో దండాలు కురిశాయి. మన్నళ్ళి నుంచి ఒక వదిన, కుశనూర్ నుంచి ఒక అత్త, శకుంతలమ్మ వీధిలో భజనకు వచ్చే ఆడవాళ్ళూ అందరూ చూశారు, అందరూ మొక్కారు, అందరూ తిన్నారు. నా జీవితంలో అంతమంది నన్ను ఒకేసారి మెచ్చుకోవడం అదే మొదలు. "బంగారమసొంటి పోరడు" అని కుశనూర్ అత్త గొంతు రికార్డు చేసి మరీ పంపింది.

పొగడ్త తలకెక్కితే మనిషి కుదురుగా ఉంటాడా? శకుంతలమ్మ ఇంకో మంచి ఫొటో అడిగిందని, వేసుకున్న రొట్టె కంచంలోనే వదిలి మళ్ళీ మేడ ఎక్కాను. జూమ్ చేశాను. తెర మూల చందమామ బొమ్మ వెలిగింది. కుందేలు సిద్ధంగా ఉంది. నొక్కబోతుండగా కరెంటు పోయింది.

గల్లీ మొత్తం చీకటి. వీధి దీపాలు పోయాయి, ఇళ్ళల్లో దీపాలు పోయాయి. చంద్రుడు కూడా పోయాడు.

ఫోన్ పక్కకు తీసి కంటితో చూశాను. వేపచెట్టు వెనక తారు పూసినట్టు నలుపు. మబ్బు అడ్డం వచ్చి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. అంతలో అటువైపు నుంచి డగ్‌డగ్‌డగ్‌మని జనరేటర్ శబ్దం. రెండు సార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. అందుకోవడంతోనే చంద్రుడు ఉదయించాడు.

కళ్ళద్దాలు చొక్కాకు తుడుచుకుని చూశాను. గల్లీ చివర కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు. ఆ డాబా మీద, వారం కిందటి దాకా లేని ఒక స్తంభం. దాని కొసన గుమ్మడికాయంత తెల్లటి గుండ్రటి దీపం. వేపకొమ్మ ఒక పక్క అడ్డుపడి దానికి చవితి తరుగు తెచ్చింది. అంతవరకూ ప్రకృతి చేసిన పని. మరి మచ్చలు? గుంటలు? కుందేలు? అవన్నీ నా ఫోన్ తన సొంత ఖర్చుతో పెట్టింది. చంద్రుడు ఎలా ఉంటాడో దానికి ముందే నేర్పి పంపారట. చీకట్లో తెల్లగా, గుండ్రంగా ఏది కనబడినా ఆ ముఖం తెచ్చి తొడుగుతుందట. ఈ సంగతి తరువాత తెలిసింది. ఆ క్షణాన తెలిసింది ఒక్కటే, నేను నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళ చేత బల్బుకు మొక్కించాను.

కింది నుంచి పెద్దమ్మ పిలిచింది. "కరెంటు పోయింది బిడ్డా, జెర తూర్పు తలుపు తెరువు. చంద్రుని వెలుగొస్తది, తింటం."

దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను, తెరవలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఫంక్షన్ హాలు దీపం సంగతి ఆరా తీసేవాళ్ళెవరు? పెద్దమ్మ కుడుము తుంచుతూ, తనలో తను అనుకున్నట్టు అంది.

"ఈ సంకష్టి నీ పేరు మీద ఉన్న బిడ్డా. నీ కన్నడం పరీక్ష గట్టెక్కాలని."

ఆ పరీక్ష పాసైతేనే నా ఉద్యోగం ఖాయం. అప్పటికి నాకు వచ్చిన కన్నడం 'బర్రి', 'కూడ్రి' అనే రెండు మాటలు. ఆఫీసుకు వచ్చినవాళ్ళను రమ్మని కూర్చోబెట్టగలను, ఆ తరువాత వాళ్ళకేం కావాలో అర్థమయ్యేది కాదు. నేను గదిలో పుస్తకం ముందేసుకుని కునికిపాట్లు పడుతుంటే, కింద ఈమె నా కోసం పొద్దుటి నుంచి పచ్చి నీళ్ళు తప్ప ముట్టలేదు.

"పెద్దమ్మా, అది చంద్రుడు కాదు."

"మరేంది?"

"బల్బు. ఫంక్షన్ హాలుది."

ముందుగా తేరుకున్నది సేటు. "కుందేలెట్లొచ్చిందిరా మరి?" అన్నాడు.

"ఫోనే కలిపింది పెద్దనాయినా."

"అంటే కల్తీ! మేం పప్పుల రాయి కలిపితే కేసు. వీళ్ళు బల్బుల చంద్రుణ్ణి కలిపితే ఏం లేదా?" అని రొట్టె తినడం మాత్రం ఆపలేదు.

పెద్దమ్మ చేతిలోని కుడుము కంచంలో పెట్టేసింది. లేచి నోరు కడుక్కుంది. తిడుతుందేమోనని చూశాను. గోడకు ఆనుకుని నిలబడింది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి వెళితే నవ్వు! కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వు. "బల్బుకు... పాలు పోసిన... కుంకుమ పెట్టిన..." అంటూ మాట పూర్తి చేయలేక మళ్ళీ నవ్వు.

నవ్వు ఆగాక మెట్ల వైపు నడిచింది. "పట్టు. నా కండ్లతోని నేనే చూస్త."

"మోకాళ్ళు?"

"మోకాళ్ళున్నయి గనుకనే ఎక్కుతున్న. పట్టు."

ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి గోడ మీద. మెట్టు మెట్టుకూ ఆగుతూ, గణపతిని పిలుస్తూ, మధ్యమధ్య బల్బు గుర్తొచ్చి నవ్వుతూ ఎక్కింది. పైన తడిగచ్చు మీద నా కుర్చీ వేశాను. ఎంతసేపు కూర్చున్నామో. పెండ్లయి వచ్చిన కొత్తలో ఈ మేడ మీదే అప్పడాలు ఎండబెట్టేదట. అప్పుడు ఇక్కడి నుంచి కోటగోడ అడ్డం లేకుండా కనబడేదట. అత్తగారికి తెలియకుండా సేటూ తనూ ఇక్కడే కూర్చుని జామపండ్లు తిన్నారట. "ఆ ముచ్చట నీకెందుకు చెప్తున్న" అని తనే ఆపేసింది.

అప్పుడు మబ్బు పలచబడి, వేపచెట్టుకు బాగా పైన, ఎర్రమట్టి అంటుకున్నట్టు ఒక మసక తునక కనబడింది. చిన్నగా, వంకరగా, మచ్చా లేదు, కుందేలూ లేదు. పక్కన ఫంక్షన్ హాలు చంద్రుడు ధగధగ వెలుగుతుంటే ఈయన చుట్టపుచూపుగా వచ్చినట్టున్నాడు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి, చేతులు జోడించింది. నేనూ జోడించాను.

చేసిన తప్పు దిద్దుకోవాలి కదా. అసలు చంద్రుణ్ణి ఫొటో తీసి, మొదటిది బల్బనీ క్షమించమనీ గ్రూపులో రాశాను. మబ్బు చాటున ఉన్నందుకో ఏమో ఫోన్ ఈసారి ఆయన్ని గుర్తుపట్టలేదు. పసుపు మరకలాంటి బొమ్మ వచ్చింది. వెంటనే కుశనూర్ అత్త గొంతు మోగింది.

"నకరాలు చేస్తున్నవా పోరడా? మొదటిదే చంద్రుడు. గిది బల్బు!"

మిగతావాళ్ళంతా ఆమె మాటే బలపరిచారు. ఎంత చెప్పినా వినలేదు. బంగారం లాంటి పిల్లవాడికి వేళాకోళాలు ఎక్కువయ్యాయని తేల్చారు. ఆ గ్రూపులో ఈ రోజుకూ అదే తీర్పు నడుస్తోంది.

కన్నడం పరీక్ష పాసయ్యాను, గీత మీద ఒకే ఒక్క మార్కు ఎక్కువతో. ఫలితం చెబితే పెద్దమ్మ, "బల్బుకు మొక్కితే గంతే వస్తది. ఆ జెర ఎక్కువొచ్చింది మాత్రం అసలాయన ఇచ్చిండు" అంది.

ఇప్పుడు నేను వేరే ఊళ్ళో ఉన్నాను. అప్పుడప్పుడు ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఎవరికైనా చూపిస్తే, అందరూ బల్బునే మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ పసుపు మరకను చూస్తే తడిగచ్చు వాసన వస్తుంది, భుజం మీద ఒక చెయ్యి బరువు తెలుస్తుంది.

కాబట్టి చదువరులారా, మీ అందరి ఎదుటా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తూర్పున ఎంతటి వెలుగు కనిపించనీ, అందులో ఎన్ని కుందేళ్ళు గంతులు వేయనీ, కరెంటు ఒకసారి పోయి వచ్చేదాకా దాన్ని చంద్రుడని ఎవరికీ చెప్పను.