ఐసు డబ్బకు మా అత్త కావలి

పోలియో ఆదివారం వచ్చిందంటె మా చేనేతోళ్ల గల్లీల పిల్లలందరి నోట్ల చుక్కలేసేది నేనే. అంగన్‌వాడిల పనిజేస్తుంటి. గద్వాల అప్పటికి ఇంకా పాలమూరు జిల్లాలనే ఉండె. బడి అరుగు మీద బల్ల ఏసుకొని, పక్కన ఐసు డబ్బ పెట్టుకొని, ఏడ్చేటోన్ని బుదురకిచ్చి, పారిపోయేటోన్ని గుంజుకొచ్చి, నోట్ల రెండు చుక్కలేసి చిటికెనేలుకు సిరా పెడుతుంటి. అందరికంటె ముందుగాల నా బిడ్డకే ఏస్తుంటి, చూసినోళ్లకు ధైర్యం రావాల్నని. బిడ్డకప్పుడు నాలుగేండ్లు.

ఆ ఏడు చుక్కలేసినంక కొన్ని దినాలకే బిడ్డకు జరమొచ్చె. జరం తగ్గిన తెల్లారి మంచం దిగబోయి కింద పడె. నిద్రమత్తేమో అనుకున్న. లేపి నిలవెడితె మోకాళ్లు మడతవడ్డయి. మళ్ల నిలవెట్టిన, మళ్ల పడ్డది. చెప్పులు గూడ ఏసుకోకుంట ఎత్తుకొని సర్కారు దవాఖానకు ఉరికిన.

డాక్టరు మోకాళ్ల మీద చిన్న సుత్తితోని కొట్టి చూసె, ఊపిరి చూసె. ఊపిరి మంచిగనే ఉన్నది, నరాలకు వాపొచ్చినట్లున్నది, ఇక్కడనే పెట్టుకొని చూస్తం అన్నడు. కాళ్లొస్తయా సారూ అంటే, శానమందికి మెల్లగ వస్తయమ్మా, చూద్దాం అన్నడు. ఆ "చూద్దాం" అనే మాట ఇప్పటికి నాకు పడదు.

మేము దవాఖానల చేరేలోపే గల్లీల మాట పుట్టింది, చుక్కలేసినంకనే పిల్ల కాళ్లు పడిపోయినయని. నా మొఖం మీద ఎవరు అనలే. అన్నది మా అత్త ఒక్కతే.

"ఆ చేత్తోనే ఏస్తివి గద," అన్నది.

ఒక్కపారే అన్నది. కాని ఆ పూట నుంచి బిడ్డకు నా చేత్తోని బువ్వ పెట్టనియ్యలే. నేను గిన్నె అందుకుంటె ఆమె గుంజుకునేది. కన్నతల్లిని నేను, పక్కన కూసొని చూస్తుంటి. కోపం రాలేదా అంటె, మస్తుగ వచ్చింది. కాని ఆ కోపం కింద భయం ఉండె. నిజంగనే నా చేతులతోనే అయ్యుంటె? బిడ్డ నడవకపోతె ఈ చేతులు పెట్టుకొని నేనెట్ల బతకాలె? మా ఆయనకు చెప్పుకుందామంటె ఆయన మగ్గం గుంతల దిగి కూసుండు, తల ఎత్తి చూడడు. ఆయన తిప్పలు ఆయనవి.

గప్పుడొచ్చింది దవాఖాన నర్సు, సిస్టరమ్మ. నాగర్‌కర్నూల్ దిక్కు మనిషి, నోరు పెద్దది, మనసు గూడ అంతే పెద్దది. నా చేతిల మూతున్న చిన్న డబ్బి పెట్టి, పిల్ల దొడ్డికి కూసున్నప్పుడు దీంట్ల కొంచెం పట్టియ్యమన్నది. నాకు నెత్తి మీద నిప్పులు పోసినట్లయింది. కాళ్లు బాగు చెయ్యమంటె ఇదేం అడుగుడని మీదికి లేచిన. ఆమె పక్కన కూసొని చెప్పింది. దేశంల ఏ మూల పిల్లల కాళ్లు ఉన్నట్లుండి పడిపోయినా ఆ ఖబరు పైకి పోవాలె, పోలియో అయినా కాకున్నా. రెండు దినాలు రెండుసార్లు పట్టి, ఐసుల పెట్టి పట్నం ల్యాబుకు పంపాలె. ల్యాబోళ్లు చూసి పోలియో ఉన్నదా లేదా, చుక్కలతోని అయ్యిందా ఏంది, అంత తేలుస్తరు. లేదని చెప్పాలన్నా ఎతికే చెప్పాలె, ఉత్తగ చెప్తె ఎవరు నమ్ముతరు అన్నది.

చుక్కల సంగతి గూడ తేలుతది అన్న మాట ఒక్కటి పట్టుకున్న నేను. ఆ డబ్బి మీదనే నా బతుకంత ఉన్నదనుకున్న.

మర్నాడు పట్టి కిటికిల పెట్టి, సిస్టరమ్మను పిలువ పోయి వచ్చేవరకు డబ్బి లేదు. మా అత్త దాన్ని దవాఖాన ఎనక తుమ్మచెట్టు కింద బొంద తీసి పూడ్చిపెట్టింది. పెండ్లయినకాడి నుంచి ఎన్నడు ఆమె ముందర గొంతు లేపనిదాన్ని, ఆ దినం లేపిన. ఎందుకు చేసినవ్, నీ మనుమరాలు బాగుపడుడు నీకు ఇష్టం లేదా అని అడిగిన. ఆమె గట్టిగ ఏడుస్తనే చెప్పింది. ఎంటికలు, గోర్లు పరాయోళ్ల చేతికి పోతెనే బాణామతి చేస్తరు, ఇంగ పిల్ల కడుపులకెల్లి వచ్చింది డబ్బిల పెట్టి ఊరుగాని ఊరికి పంపుతవా, తొవ్వల ఎవని చేతిల పడ్డా పిల్లనే మిగలదు అన్నది. ఆమె భయం ఆమెది. నా భయం లెక్కనే అది గూడ నిజం భయమే. అప్పుడు నాకు గది తెల్వలే, పండ్లు కొరుకుతుంటి.

సిస్టరమ్మ మాత్రం నవ్వలే, కసురుకోలే.

"సరే అమ్మా, ఎవరి చేతికి ఇయ్యకు. నువ్వే పట్టుకొని నాతోని పట్నం రా," అన్నది.

గంతే. మా అత్త కండ్లు తుడుచుకొని చీర కుచ్చిళ్లు ఎగదోపింది. మళ్ల రెండుసార్లు పట్టి పెట్టిందాంక దవాఖాన ఫ్రిజ్జు పక్కన ముక్కాలిపీట ఏసుకొని కూసున్నది. మందుల కోసం ఫ్రిజ్జు తెరవాల్నంటె కాంపౌండరు గూడ ఆమెను అడిగి తెరవాలె.

రైలు సంగతులు సిస్టరమ్మ తర్వాత నాకు చెప్పి చెప్పి నవ్వింది. నీలం రంగు ఐసు డబ్బను మా అత్త ఒళ్లె పెట్టుకొని, దాని మీద తడి తువ్వాల కప్పి కూసున్నదంట. వనపర్తి రోడ్డు స్టేషన్ల ఐసు కరిగిందేమో చూస్తనంటె సిస్టరమ్మనే ముట్టనియ్యలే. మహబూబ్‌నగర్ల ఎవరో పిల్లల తండ్రి వచ్చి ఐస్‌ఫ్రూట్ ఎంతకిస్తవ్ అని అడిగిండంట. మా అత్త ఆయన్ని కింది నుంచి మీది దాంక చూసి, ఇది నీకు పనికొచ్చేది గాదు పో నాయ్నా అన్నదంట. తొవ్వ పొడుగునా చాయ తాగలే, చేతులు ఖాళీ లేవని. ల్యాబు కిటికి కాడ డబ్బ ఇచ్చేటప్పుడు, మీరు చూసినంక మిగిలింది ఏం జేస్తరు అని అడిగింది. కాలవెడ్తం అవ్వా అన్నరు. అప్పుడు చెయ్యి ఇడిచింది. డబ్బల ఐసు ఇంకా గట్టిగనే ఉండె, ఇంత మంచిగ చేరేది తక్కువ అని ల్యాబాయన మెచ్చుకున్నడంట.

మేము ఇంటికొచ్చినం. బిడ్డ కాళ్లు నూనె పెట్టి వంచుడు, సాపుడు, గదే మా పని. కొన్ని వారాలకు మగ్గం గుంజ పట్టుకొని నిలవడ్డది. నిలవడ్డందుకు సంబురమే, కాని బువ్వ ఇంకా అత్తనే పెడుతుండె.

ఒక పొద్దున అత్త రాట్నం మీద కండెలు చుట్టుతుంటె సిస్టరమ్మ వాకిట్ల నుంచే చెప్పుకుంట వచ్చింది. పోలియో లేదు, చుక్కలతోని గూడ కాదు, ఏం లేదు అని. అత్త రాట్నం ఆపింది. ఇంకోపారి చెప్పు బిడ్డా అన్నది. సిస్టరమ్మ ఇంకోపారి చెప్పింది. నేను గోడకొరిగి కూలవడి ఏడ్చిన, ఎన్ని దినాల ఏడుపో. అత్త మళ్ల రాట్నం తిప్పింది. తప్పయింది అనే మాట ఆమె నోట ఎన్నడు రాదు. ఆ దినం గూడ రాలే.

మళ్ల పోలియో ఆదివారం వచ్చె. అరుగు మీద బల్ల ఏసుకొని కూసున్న. ల్యాబు మాట గల్లీల అందరికి చెప్పినా ఒక్కరు గడప దిగలే. పొద్దెక్కుతున్నది, ఐసు కరుగుతున్నది. బిడ్డకు మళ్ల ఏయొచ్చు, భయం లేదని డాక్టరు చెప్పిండు. కాని ఇంట్ల అడిగే ధైర్యం నాకు లేకుండె.

గప్పుడు గల్లీ మలుపు కాడ నా బిడ్డ కనిపించింది. తన కాళ్లతోని తనే నడుస్తున్నది, జర కుంటుతున్నది గాని నడుస్తున్నది. ఎనక మా అత్త, పట్టుకుంటలేదు, పట్టుకోనీకి చేతులు మాత్రం చాపి పెట్టుకున్నది. తలుపుల సందుల నుంచి గల్లీ అంత చూస్తున్నది. అత్త బల్ల ముందర నిలవడి, అందరికి ఇనవడేటట్లు అన్నది.

"నీ చేత్తోనే ఎయ్యి."

బిడ్డ నోరు తెరిచింది. రెండు చుక్కలు సక్కగనే పడ్డయి. ఆ ఎనక ఒక తలుపు తెరిచిరి, ఇంకోటి తెరిచిరి. మా అత్త మాత్రం ఇంటికి పోలే. ఐసు డబ్బ పక్కన కూసొని, మూత ఊకె తీయకు అని నన్నే గదమాయించవట్టె.

పగటి యాళ్లకు కొంగు కింద నుంచి మూట తీసింది. పెరుగు బువ్వ గిన్నె. పొద్దటి నుంచి పిల్ల ఏం తినలే అని గిన్నె నా ముందుకు జరిపింది. చేతులు ఎంత కడుక్కున్నా సిరా మరక పోలే. ఆ చేత్తోనే ముద్ద కలిపి పెట్టిన. బిడ్డ నమిలి మింగి, ఇంకోటి అన్నది.