టేపక్క కాగితం మీద నా సంతకం

తాళాలు బాగుచేసేవాడికి మనుషుల్ని నమ్మే జబ్బు ఉండకూడదు. ఎవరైనా వచ్చి తాళంచెవికి నకలు చెయ్యమంటే, ఇల్లెవరిదో, లోపల ఎవరుంటారో అడిగాకే నేను ఆకురాయి చేతిలోకి తీసుకుంటాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి. కాబట్టి ఎదురు కొట్లో బట్టలు కుట్టే టేపక్క ఒకరోజు కాగితం పట్టుకుని నా దగ్గరికొస్తే, నేను ముందు చూసింది ఆమె ముఖాన్ని కాదు, కాగితం అడుగున ఉన్న ఖాళీని.

మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంది కనక ఆమె టేపక్క. నాకంటే పదేళ్ళు చిన్నదైనా నేనూ అలాగే పిలుస్తాను. భర్త పోయాక కుట్టుమిషను తొక్కి కూతుర్ని చదివించింది. రెండేళ్ళ కిందట ఆ పిల్ల పెద్దరోడ్డు దాటుతుంటే వ్యాను గుద్దింది. కుడికాలు మళ్ళీ మామూలు కాలేదు. చేతికర్రతో నడుస్తుంది. ఆస్పత్రిలో చీటీలు రాసే ఉద్యోగం. రోజూ ఏడూ నలభైకి మా కొట్ల ముందున్న స్టాపులోనే బస్సెక్కుతుంది. ఇక్కడ ఎక్కేవాళ్ళు తక్కువట, ఆ స్టాపు తీసేస్తారట. తీసేస్తే ఆ పిల్ల మళ్ళీ అదే పెద్దరోడ్డు దాటాలి, ఎందుకంటే పక్క స్టాపు దానికి అవతల ఉంది.

"స్టాపు ఉంచమని రాశాం అన్నయ్యా. రోడ్డుకి అడ్డంగా ఒక స్పీడు బ్రేకరు కూడా వెయ్యమన్నాం. ఒక్క సంతకం పెట్టు" అంది.

కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాను. "ఈ కింద ఖాళీ ఎందుకుంది?"

"మిగతావాళ్ళు సంతకాలు పెట్టడానికి."

"తర్వాత ఇందులో ఇంకేమైనా రాసుకుంటే?"

ఆమె కాగితం మడిచి పక్కింటికి వెళ్ళింది. స్టాపుంటే ఆమె కొట్టుకే కదా బేరాలు, అని నాలో నేను లెక్కేసుకున్నాను. నా నోరు ఊరుకుంటుందా? ఆ మాట ఇంకో నలుగురి చెవిన కూడా వేశాను. కాళ్ళరిగేలా తిరిగితే ఆమెకు దొరికింది పదకొండు సంతకాలు.

నెల తర్వాత ఒక పొద్దున్నే అట్టా, పెన్నూ పట్టుకుని ఒక కొత్త మనిషి స్టాపు పక్కన నిలబడ్డాడు. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూసి గీతలు గీస్తున్నాడు. ఎవరు పంపారంటే, "ఆఫీసు నుంచి" అని ఊరుకున్నాడు. ఏ ఆఫీసో చెప్పని మనిషి మంచికొస్తాడా? రోడ్డు వెడల్పు చేసే లెక్క అయ్యుంటుందని నాకు అనుమానం వచ్చింది. జనం ఎక్కువ కనిపిస్తే మన కొట్లూ, ఇళ్ళ అరుగులూ పోతాయి. పాలమనిషికి చెప్పాను. బడి పంతులు భార్యకు చెప్పాను. "ఇవాళ ఎవరూ ఆ స్టాపు దగ్గర నిలబడకండి. వెనక సందులోంచి పొండి" అన్నాను. టేపక్కకు సంతకం పెట్టని వీధి, ఆ ఒక్క పూటా నా మాట విన్నది. నలభై మంది వెనక సందులోంచి వెళ్ళి, పెద్దరోడ్డు దాటి పక్క స్టాపులో బస్సెక్కారు.

నేను ఎవరికి చెప్పినా, టేపక్కకు మాత్రం చెప్పలేదు. ఏడూ నలభైకి ఆ పిల్ల ఒక్కతే కర్ర పట్టుకుని ఎక్కింది. ఆ మనిషి ఒక్క గీత గీశాడు.

అతన్ని పంపింది బస్సుల ఆఫీసని తర్వాత తెలిసింది. పదకొండు సంతకాలు చూసి, నిజంగా ఎందరు ఎక్కుతారో లెక్కపెట్టుకు రమ్మంది. పదిహేను రోజుల్లో స్టాపు బోర్డు పీకేశారు.

ఇప్పుడు రోజూ పొద్దున నా కొట్టు తెరిచేసరికి టేపక్క పెద్దరోడ్డు మధ్యలో ఉంటుంది. ఎర్ర జాకెట్టు గుడ్డ చాచి బళ్ళను ఆపుతుంది. వెనక కూతురు ఒక్కొక్క అడుగే వేస్తుంది. లారీలు హారను మోగిస్తూనే ఉంటాయి. నాకు సిగ్గేస్తుంది. తలొంచుకుని ఆకురాయి రుద్దుతాను.

నిన్న ఇంకో కాగితం తెచ్చింది. చదవకుండానే సంతకం పెట్టాను. నా జన్మలో అలా పెట్టడం అదే మొదలు.

"మళ్ళీ లెక్కపెడతారట అన్నయ్యా. ఈసారి ఏ రోజో ముందే చెబుతామన్నారు."

"ఎప్పుడట?" అన్నాను.

ఆమె కాగితాన్ని వెలుతురుకు పట్టి నా సంతకాన్ని చూసింది. అది నాదేనా అన్నట్టు చాలాసేపు చూసింది.

"వీధిలో అందరికీ చెబుతాను" అంది. "నీకు మాత్రం చెప్పను."