ముందు తీసి చూపండి

మార్కాపురం కళాశాలలో నా వద్ద పరిశోధన చేసిన ఆ అమ్మాయిది రాచర్ల. అర్ధవీడు ప్రాంతపు బోరునీళ్లలో ఫ్లోరైడు ఎంతున్నదో ఊరూరా తిరిగి, ఏళ్ల తరబడి కొలిచింది. ఆ కొలతలు అందరికీ అందేలా ఏ డిజిటల్ భాండాగారంలో ఉంచాలన్నదే ప్రశ్న. ఎంత పేరున్న భాండాగారమైనా సరే, అందులోని పరాయివారి పాత ఫైలొకటి తన ఫోనులోకి దించుకొని, అది తెరుచుకుంటేనే ఆ భాండాగారాన్ని లెక్కలోకి తీసుకునేది.

"మన కళాశాల వెబ్‌సైటు ఉండగా ఈ వెతుకులాట దేనికమ్మా?" అని గద్దించాను.

"పెట్టేదానికేముంది సార్, ఎవరైనా పెడతారు. మీ వర్షపాతం లెక్కలు అందులోనే పెట్టినారు గదా, ఒకసారి తీయండి."

ధీమాగా వెతికాను. ఆ పేజీయే లేదు. వెబ్‌సైటును కొత్తగా మార్చినప్పుడు పాతవన్నీ పోయాయట.

"ఏంది సార్, అట్ల చూస్తారు? నోటుపుస్తకాలుంటే మళ్లీ ఎక్కిద్దాం."

ఆమె ఎంచుకున్న భాండాగారం ప్రతి ఫైలుకూ శాశ్వతమైన చిరునామా ఇస్తుంది. తాను మూతపడితే ఫైళ్లు ఎవరికి చేరతాయో ముందే ప్రకటించింది. ఆమె కొలతలను అందులో ఉంచేందుకు అనుమతి పత్రంపై సంతకం చేశాను. మరునాడు వర్షపాతం పుస్తకాలన్నీ మోసుకొచ్చి, ఆమె బల్లపై సంవత్సరాల వరుసలో పేర్చాను. ఒక్క ఏడాదీ తప్పిపోలేదు.