రెండు గళ్లు తిప్పే దేవపాలు

దేవపాలు డార్ట్స్ బోర్డును గోడ నుంచి దించి ఒళ్లో పెట్టుకున్నాడు. అంచునున్న అంకెల చట్రాన్ని బొటనవేళ్లతో ఊడదీసి, రెండు గళ్లు పక్కకు జరిపి మళ్లీ బిగించాడు. ఇరవై అంకె ఎప్పుడూ నల్లగడి మీదే ఉండాలి గనక ఒక గడి తిప్పితే చాలదు.

"మామా, నిన్ననే గదా తిప్పినావు?" అన్నాడు ఆయన జట్టులో ఆడే ముబారక్.

"నిన్న నువ్వు ఇరవై గడినే అరవైసార్లు పొడిచినావు. దానికి మాత్రం నొప్పుండదా?"

డార్ట్స్ బోర్డు కిత్తనారతో చేసింది. ఒకేచోట ములుకులు దిగుతుంటే పీచు లేస్తుంది. అందుకని ఆటగాళ్లందరూ అప్పుడప్పుడూ తిప్పుతారు. దేవపాలు జబ్బేమిటంటే, ఆయన బోర్డుతో ఆగడు. లోకంలో ఏ వస్తువూ, ఏ మనిషీ ఒకే పక్క అరగడం చూడలేడు.

ప్రొద్దుటూరులో డార్ట్స్‌నే నమ్ముకొని బతికే మనిషి ఆయనొక్కడే. పోటీలకు పోతాడు, పులివెందులలో ఒక బడిలో వారానికి మూడు రోజులు ఆట నేర్పుతాడు, మిగతా రోజుల్లో నలుగురి డార్టులు బాగుచేస్తాడు. అప్పటికి పన్నెండేళ్లుగా జిల్లాలో ఆయన్ను ఓడించినవాడు లేడు. అయినా బ్యాంకు ఫారంలో వృత్తి 'డార్ట్స్' అని రాస్తే గుమాస్తా ఎగాదిగా చూశాడు.

"అది ఆట గదప్పా. పని ఏంది?"

"అది సరే గాని, ఈ కుర్చీలో ఎన్నేండ్ల నుంచి కూర్చుంటాండావు? ఎడమపక్కకు వంగిపోయినావు. రేపట్నుంచి ఆ పక్క కిటికీలో కూర్చో."

ఇంట్లోనూ అంతే. అన్నం సగం తిని కంచం తిప్పుతాడు. మడమలు ఒకవైపే అరుగుతున్నాయని ఒకసారి కుడిచెప్పు ఎడమకాలికి, ఎడమచెప్పు కుడికాలికి తొడుక్కొని రెండు రోజులు కుంటుతూ తిరిగాడు. "నన్నొక్కదాన్ని తిప్పకుండా వదిలినాడు, దేవునికి స్తోత్రం" అంటుంది ఆయన భార్య హెప్సిబా టీచరమ్మ.

ఒక శనివారం చర్చి ఊడ్చే వంతు ఆయనకొచ్చింది. ఆదివారం పొద్దున చూస్తే ముందు బల్లలు వెనక, వెనక బల్లలు ముందు ఉన్నాయి. పాస్టరు పిలిపించాడు.

"ఏంది దేవపాలూ ఇది?"

"నలభై ఏండ్లుగా ముందుబల్ల మీద ఒకటే కుటుంబం కూర్చుంటాంది అయ్యగారూ. బల్ల నలిగిపోయింది."

పాస్టరు బల్లను చూశాడు. ఆ కుటుంబపు పెద్దాయన నడుమును కూడా చూశాడు. "నలిగిన మాట నిజమే" అన్నాడు.

జమ్మలమడుగు బస్సులో సగం దారికి వచ్చేసరికి ముగ్గురు కూర్చున్న సీటులో అందరినీ లేపి చోట్లు మార్పిస్తాడు. ముబారక్ మేనత్త దిల్షాద్‌బీ ఒకసారి ఆయనకు దొరికింది. "యాందిరా అబ్బీ, నేనేమన్నా బండిటైరునా మార్చేదానికి?" అని బస్సంతా వినేట్టు కేకేసింది. అయినా లేచింది. లేవకపోతే ఆయన ఊరుకోడు.

ముబారక్‌ది జమ్మలమడుగులో మోటార్ల వైండింగ్ అంగడి. చెయ్యి మంచిది. పోటీల్లో జట్టుకు ముగ్గురు: మొదట ప్రొద్దుటూరు గుడ్డలంగడి సాయిప్రసాద్, తర్వాత దేవపాలు, ఆఖర్న ముబారక్. ఆటలు చెరొకటి అయితే ఆఖరివాడు తేల్చాలి. ఐదువందల ఒకటి నుంచి తగ్గించుకుంటూ సున్నాకు రావాలి, ఆ చివరి డార్టు అంచున, అంకెను రెట్టింపు చేసే సన్నటి డబుల్ గీతలోనే పడాలి.

నిరుడు ఫైనల్లో ముబారక్‌కు మిగిలింది ముప్పై రెండు. డబుల్ పదహారు కొడితే కప్పు. చేతిలో మూడు డార్టులు. మూడూ తప్పాయి.

ఆ రోజు నుంచి జమ్మలమడుగులో అతని పేరు పోయింది. "ఏం ముప్పైరెండూ, మోటారు అయ్యిందా?" "ముప్పైరెండూ, టీ తాగుతావా?" సాయిప్రసాద్ అయితే ప్రొద్దుటూరు నుంచి ఫోను చేసి మరీ పిలిచేవాడు. ముబారక్ మొదట నవ్వాడు. తర్వాత నవ్వలేదు. తర్వాత విసరడం మానేశాడు.

ఈ ఏడు పోటీలకు పది రోజుల ముందు దేవపాలు అంగడికొచ్చాడు.

"జట్టు తిప్పినా. నువ్వు రెండోవాడివి. ఆఖరి విసురు నాది."

"నేను రానంటే?"

"రాకపోతే ఈన్నే కూర్చుంటా. నీ మోటార్లన్నీ తిప్పి పెడతా."

ముబారక్ వెళ్లాడు గాని, ఉడుక్కుంటూనే వెళ్లాడు. మామకు కూడా తన చెయ్యి మీద నమ్మకం పోయిందనుకున్నాడు. ఫైనల్లో సాయిప్రసాద్ ఓడాడు. ముబారక్ గెలిచాడు. దేవపాలుకు ఆఖరికి నలభై మిగిలింది. డబుల్ ఇరవై. ఆయన నిద్రలో కూడా కొట్టే గడి.

మూడూ తప్పాయి. అవతలివాడు ముగించేశాడు.

మరుసటి రోజు ముబారక్ వెళ్లేసరికి దేవపాలు కిటికీ దగ్గర కూర్చొని, ఫైనల్లో నేలకు తగిలి మొన మొద్దుబారిన ముబారక్ డార్టును సరిచేస్తున్నాడు. వీధిలో పోతూ సాయిప్రసాద్ స్కూటరు ఆపాడు.

"ఏమప్పా నలభై! బాగుండావా?"

"శానా బాగుండా. రేపు కూడా పిలువు" అన్నాడు దేవపాలు, ఆకురాయి ఆపకుండా. "ముబారక్‌ను ఏడాదిగా ఒకే చోట పొడిచినారు. పీచు లేచిపోయింది. ఇంగ కొన్నాళ్లు ఈ పక్క పొడవండి."

స్కూటరు కదిలింది. ముబారక్ కిటికీ దగ్గరికి జరిగాడు.

"మామా, కావాలనే తప్పినావా?"

దేవపాలుకు కోపం రావడం ముబారక్ అప్పుడే చూశాడు. "ఆటలో అబద్ధమాడే చెయ్యా ఇది? ఆడ నిలబడితే ఎవురికైనా వణుకుతాదని తెలుసు. వణికినా గెలవొచ్చని నీకు చూపిద్దామని పోయినా. సగమే చూపించినా."

ముబారక్ పక్కకు తిరిగాడు. అతని భుజాలు ఊగుతుంటే ఏడుస్తున్నాడేమోనని హెప్సిబా వంటింట్లోంచి తొంగిచూసింది. నవ్వుతున్నాడు, ఆపుకోలేక.

"మిగతా సగం?"

"వచ్చే ఏడు నువ్వు చూపించు."

దేవపాలు ములుకును గోటి మీద ఆనించి చూశాడు. మరీ సూదిగా ఉంటే నార చీలుతుంది, మొద్దుగా ఉంటే దిగదు. ఇంకో రెండుసార్లు రుద్ది, నూనెగుడ్డతో తుడిచి, డార్టును ముబారక్ అరచేతిలో పెట్టాడు.